దూలానికి కట్టిన గిటారు

మా ఇంట్లో పిరికివాడు ఎవరని అడిగితే పక్కింటి పిల్లి కూడా నా వైపే చూస్తుంది. ఉరిమితే చెవులు మూసుకుంటాను. బస్సు లారీని దాటబోతే ముందు సీటు కమ్మీ పట్టుకుని కళ్లు మూసుకుంటాను. పెళ్లి కచేరీల్లో గిటారు వాయించడం నా బతుకుతెరువు. అంతమంది ముందు వాయించడానికి బెదరను గానీ, స్టేజీ చెక్క కిర్రుమంటే చాలు, వేళ్లు తీగల మీదే ఆగిపోతాయి. "నీది మనిషి గుండె గాదురా, కోడిపిల్ల గుండె" అంటుంది మా అమ్మ. మా చెల్లెలు నాకు పూర్తిగా భిన్నం. చిన్నప్పుడు పిట్టగోడ మీద నడుస్తూ, కింద నిలబడి ఏడుస్తున్న నన్ను చూసి నవ్వేది. అందుకే మిద్దె పడబోతోందని నేను మొదటిసారి చెప్పినప్పుడు ఎవరూ తలెత్తి కూడా చూడలేదు.

మాది నందికొట్కూరు పాత వీధిలో మట్టి మిద్దె. మధ్య గదికి అడ్డంగా ఒక పెద్ద దూలం, దాని మీద దంతెలనే వాసాలు, దంతెల మీద కట్టెలు, కట్టెల మీద మన్ను, మన్ను మీద చౌడు. చౌడంటే పంటకు పనికిరాని తెల్లమట్టి. అది నీటిని కిందికి దిగనివ్వదు. వానలు మొదలయ్యే ముందు ట్రాక్టరుతో తెప్పించి, మిద్దె నిండా పరిచి తొక్కుతారు. పాత చౌడు గీకేసి కొత్తది వేయాలని మా వైపు అందరికీ తెలుసు. తెలిసినా చాలామంది గీకరు. అది నడుము విరిగే పని. పైగా "గట్టిపడిన మన్నును యాల కదిలియ్యాల?" అనేవాడు మా నాయన. అందుకని పాతదాని మీదే కొత్తది, ఏడాదికొక పొర. నా చిన్నతనంలో పిట్టగోడ నా నడుము దాకా వచ్చేది. ఇప్పుడు మోకాలి దాకా రాదు. నేను పెరిగిన ఎత్తు తీసేసినా లెక్క కుదరదు. గోడ కిందికి దిగలేదు కదా, మన్నే పైకి వచ్చింది.

మేం దూదేకులవాళ్లం. నా చిన్నప్పుడు నాయన ఆ దూలానికి ఉన్న ఇనుప కొక్కేనికి తాడు కట్టి, దాన్నుంచి ఏకే విల్లు వేలాడదీసి, దాని నరం మీద చెక్క గుండుతో కొట్టేవాడు. గదంతా దూది లేచేది. కొట్టిన ప్రతి దెబ్బా తాడు మీదుగా దూలానికి చేరేది. యంత్రాలు వచ్చాక విల్లు గోడకెక్కింది. నాయన ముందు గదిలో పరుపులు, బొంతలు కుట్టుకుంటున్నాడు. కొక్కెం మాత్రం దూలానికే ఉండిపోయింది. ఇంట్లో బిడ్డ పుడితే ఉయ్యాల దానికే కడతారు. నన్ను ఊపింది అక్కడే, చెల్లెల్ని ఊపింది అక్కడే.

ఇక గిటారు సంగతి. మహానందిలో ఒక పెళ్లికి వాయించి వస్తుంటే బస్సు డిక్కీలో దాని మీద ఎవరిదో బియ్యం మూట పడింది. నంద్యాలలో దిగి సంచి విప్పితే మెడ విరిగి తీగల మీద వేలాడుతోంది. బస్టాండులో అందరూ చూస్తుండగానే ఏడ్చాను. కర్నూలులో బాగుచేసే ఆయనకు చూపిస్తే "అతికిస్తా గానీ శ్రుతి నిలబడదప్పా" అని తేల్చేశాడు. మొండెం మాత్రం చెక్కుచెదరలేదు. మంచి బరువైన చెక్క. పారేయడానికి మనసొప్పలేదు.

ఎలక్ట్రిక్ గిటారుకు సొంత చెవి ఉంటుంది గానీ, అది ఇనుప తీగ కదిలితేనే వింటుంది. చెక్కను పట్టించుకోదు. చెక్క మాట వినాలంటే పియెజో బిళ్ళలు కావాలి. తెరిస్తే పాట వచ్చే పుట్టినరోజు కార్డుల్లో, అలారం గడియారాల్లో ఉండేవి ఇవే. రూపాయి బిళ్ళంత ఇత్తడి రేకు, మధ్యలో తెల్లటి పూత. కరెంటు ఇస్తే కూస్తుంది. తిరగేసి వాడుకుంటే తనకు తగిలిన చిన్న అదురును కూడా కరెంటుగా మార్చి మనకు అందిస్తుంది. ఫోన్లో వీడియోలు చూసి ఇదంతా నేర్చుకున్నాను. విరిగిన మెడను మొదలంటా కోసేసి, తీగలు పీకేసి, మొండెం వెనక బిళ్ళలు అతికించి, వైర్లకు టంకం పెట్టి పాత సాకెట్టుకే కలిపాను. ఆంప్లిఫయరుకు తగిలించి వేళ్లతో తడితే మధ్యలో డప్పు పలికింది, అంచున కంజిర పలికింది. కచేరీలో అందరూ మెచ్చుకున్నారు. నాయన మాత్రం "తీగ పోయినాక ఇంక కట్టే గదప్పా" అని పెదవి విరిచాడు.

ఒక మధ్యాహ్నం వాయించి వాయించి విసుగొచ్చి, ఆ మొండేన్ని దూలాన్ని మోసే చెక్క కంబానికి ఆనించాను. హెడ్‌ఫోన్లు ఇంకా చెవులకే ఉన్నాయి. చెంబు అందుకుని నీళ్లు తాగుతుంటే చెవిలో చిటపట మొదలైంది. దూరంగా ఎవరో పేలాలు వేయిస్తున్నట్టుంది. టంకం వదులైందేమోనని మళ్లీ పెట్టాను. పోలేదు. వైరు మార్చాను. పోలేదు. మొండేన్ని ఒళ్లోకి తీసుకుంటే ఆగిపోయింది, కంబానికి ఆనిస్తే మళ్లీ మొదలైంది. అప్పుడు తలెత్తి దూలం వైపు చూశాను. చెదలు. కంబంలోంచి ఎక్కి లోపల తింటున్నాయి. వెంటనే హెడ్‌ఫోన్లు లాగేసి వీధిలోకి పరిగెత్తాను. చెప్పాను కదా, పిరికివాణ్ణని.

నాయన తాపీగా వచ్చి కర్రతో దూలాన్ని రెండు దెబ్బలు కొట్టాడు.

"గట్టిగా ఉండాది. మీ జేజినాయన నల్లమల నుంచి బండి మీద తెచ్చిన మాను ఇది. మనందర్నీ పూడ్చినాక గూడా నిలబడతాది."

ఆ మాటకు నా ఒళ్లు జలదరించింది. ఆయనకు చీమ కుట్టినట్టయినా లేదు.

ఆ రోజు నుంచి ఆ మొండెం మళ్లీ కచేరీకి పోలేదు. నిచ్చెన వేసుకుని ఎక్కి, కొక్కెం పక్కనే దూలానికి తాళ్లతో బిగించి కట్టేశాను. కట్టెకు కట్టె ఒత్తుకుంటేనే లోపలి శబ్దం బయటికి వస్తుంది. "దూలానికి గిటారు కట్టినోణ్ణి నిన్నే సూస్తాండా" అంది అమ్మ. వీధిలో వాళ్లు "ఏమప్పా, మీ మిద్దె ఈపొద్దు ఏం పాట పాడె?" అని అడగడం మొదలుపెట్టారు. చెదల మందు తెచ్చి కంబానికి పోశాను. చిటపట కొన్నాళ్లు తగ్గి మళ్లీ వచ్చింది. పొద్దున లేవగానే ఊరంతా పేపరు చదువుతుంటే నేను దూలం వినేవాణ్ణి. ఎండెక్కితే ఎలా మూలుగుతుందో, మిద్దె మీద పిల్లి నడిస్తే ఎలా ఉంటుందో, అన్నీ తెలిసిపోయాయి. తెలిసేకొద్దీ భయం తగ్గాలంటారు. నా విషయంలో పెరిగింది. ఈ ఎండాకాలం చౌడు ట్రాక్టరు ఇంటి ముందు ఆగినప్పుడు నాయన చేతులు పట్టుకుని బతిమాలాను, ముందు పాతది గీకేద్దామని. "నువ్వు కింద కూచొని ఇను. నేను పైన తొక్కతా" అన్నాడు. ఆయన తొక్కిన ప్రతి అడుగూ నాకు వినిపించింది.

దీపావళి దాటాక చెల్లెలు కాన్పుకు కడప నుంచి వచ్చింది. ఆడబిడ్డ పుట్టింది. ఉయ్యాల కొక్కేనికే కట్టారు. బిడ్డ పక్కన నిలబడి నేనూ నాలుగు మంచి మాటలు మాట్లాడి ఉండాల్సింది గానీ, నా కళ్లన్నీ ఆ తాడు మీదే ఉన్నాయి.

కాన్పు తర్వాత నలభై రోజుల చిల్లా ఇంకా తీరకముందే తుపాను వాన పట్టుకుంది. మా వైపు వాన కోసం ఊరంతా కలిసి నమాజు చేస్తారు. అలాంటి చోట పుట్టి, వాన ఆగిపోవాలని దేవుణ్ణి అడగడానికి నాకు నోరు రాలేదు. లోపల మాత్రం అడుగుతూనే ఉన్నాను. ముసురు వదల్లేదు. పిట్టగోడ తూముల్లోంచి నీళ్లు మొదట తెల్లగా, తర్వాత ఎర్రగా వచ్చాయి. అంటే చౌడు దాటి మన్నులోకి దిగుతున్నాయి. ఆ మన్నంతా నీళ్లు తాగితే ఎంత బరువు ఎక్కుతుందో ఊహించుకుంటే నాకు ముద్ద దిగలేదు.

ఆ రోజు పొద్దున హెడ్‌ఫోన్లు పెట్టుకోగానే కొత్త శబ్దం వినిపించింది. చిటపట కాదు. టక్. ఎండుకట్టెను మోకాలికి ఆనించి విరిచేటప్పుడు, అది విరగడానికి ముందు వచ్చే శబ్దం. కాసేపు ఆగి మళ్లీ టక్. తలెత్తి చూస్తే అమ్మ ఉయ్యాల ఊపుతోంది. అటు పోయినప్పుడు ఏమీ లేదు. ఇటు వచ్చినప్పుడు టక్.

"అమ్మా, ఊపొద్దు! బిడ్డను తీసుకుని అందరం ఎదురింటికి పోదాం. దూలం పగులుతాంది."

"చిల్లా తీరందే బాలింతను గడప దాటిస్తావా? ఈ వానలో? పచ్చి ఒళ్లురా అది. నలభయ్యో పొద్దు స్నానమయ్యేదాకా యాడికీ పోయేది ల్యా."

మా ఇళ్లల్లో ఆ నలభై రోజులు తల్లీబిడ్డా గది దాటరు. గాలి సోకుతుందని, దిష్టి తగులుతుందని భయం. అమ్మ భయం అమ్మది, నా భయం నాది. రెండు భయాల మధ్య ఉయ్యాలలో బిడ్డ నిద్రపోతోంది. చెల్లెలు మంచం మీద నుంచి నన్నే చూస్తోంది. ఎప్పుడూ నవ్వే మనిషి నవ్వలేదు. "అన్నా, నిజంగా ఇనపడతాందా?" అని మెల్లగా అడిగింది.

నాయనను పిలిచి హెడ్‌ఫోన్లు ఇచ్చాను. అప్పటికి బిడ్డ లేచి చెల్లెలి ఒళ్లోకి చేరింది. సరే, ఖాళీ ఉయ్యాలే ఊపి వినిపిద్దామని తాడు మీద చెయ్యి వేశానో లేదో, అమ్మ నా చేతి మీద ఒక్కటిచ్చింది.

"కాలీ ఉయ్యాల ఊపుతావారా! ఇంట్లో పసిబిడ్డను పెట్టుకొని!"

ఖాళీ ఉయ్యాల ఊపితే బిడ్డకు మంచిది కాదని అంటారు. నాకూ తెలుసు. తెలిసే చెయ్యి వేశాను. అంత భయంలో ఉన్నాను. నాయనకు ఈ గోలతో విసుగు పుట్టింది. "బిడ్డను పండుకోబెట్టే ఊపు. నేను ఇంటా. ఈడి పిచ్చి ఈపొద్దుతో పోతాది" అన్నాడు.

వద్దని అరిచాను. ఎవరూ వినిపించుకోలేదు. నా మాట నిజమని తేలాలంటే ఆ బిడ్డ దాని కిందే ఉండాలి. ఇంతకంటే దారుణమైన పరీక్ష ఉంటుందా? అమ్మ బిస్మిల్లా అంటూ బిడ్డను పడుకోబెట్టింది. నేను ఉయ్యాల మీదికి వంగి రెండు చేతులూ చాపి నిలబడ్డాను, పైనుంచి పడేదంతా నా వీపు మీద మోసేవాడిలా. అమ్మ ఊపింది. తాడు కిర్రుమంది.

నాయన ముఖం చూస్తూ ఉన్నాను. మొదట విసుగు ఉంది. రెండో ఊపుకు కనుబొమలు దగ్గరికి వచ్చాయి. మూడో ఊపుకు, విల్లు మీద గుండు వేసేటప్పుడు బిగిసినట్టు ఆయన కుడిచేయి బిగుసుకుంది. అదే దూలం కింద ఎన్నో ఏళ్లు నరం మోత విన్న మనిషి. ఇంకో ఊపు పూర్తి కాకుండానే ఉయ్యాల తాడును పిడికిట్లో పట్టుకుని ఆపేశాడు.

"బిడ్డను తీయ్."

"చిల్లా..." అంది అమ్మ.

"తీయ్ అంటి గదా. గడప నేను దాటిస్తా."

ఎవరి పెళ్లికో కుట్టి పెట్టిన కొత్త బొంత తెచ్చి చెల్లెలి తల మీదుగా కప్పాడు. బిడ్డను తన చొక్కా లోపల పెట్టుకుని, వంగి వానలోకి నడిచాడు. అమ్మ దువా చదువుతూ, ఏడుస్తూ వెనకే వచ్చింది. ఎదురింటివాళ్లది సిమెంటు కప్పు. ఆ ఇంటి పెద్దమ్మ ఒక్క ప్రశ్న కూడా అడగకుండా లోపలి గదిలో మంచం మీద బట్టలు తీసేసింది.

నేను మాత్రం ఊరుకోలేదు. ఆంప్లిఫయరును మా గడప దగ్గర పెట్టి, కచేరీల్లో వాడే పొడుగు వైరు కలిపి వీధి దాటించి, ఎదురింటి అరుగు మీద హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. సాయంత్రం దాకా టక్‌మంటూనే ఉంది గానీ మిద్దె పడలేదు. తెల్లారింది. పడలేదు. వాన వెలిసి ఎండ వచ్చింది. పడలేదు. దారిన పోయేవాళ్లు నన్నూ వైరునూ చూసి నవ్వుకున్నారు. అమ్మ నాకు టీ గ్లాసు చేతికివ్వకుండా పక్కన పెట్టి పోయింది. లోపల బిడ్డ తుమ్మింది. ఆ తుమ్ముకు అమ్మ చూసిన చూపుకు నేను చచ్చిపోయాను. ఇప్పుడు నా భయం మారిపోయింది. మిద్దె పడుతుందేమోనని కాదు, పడదేమోనని. ఇలా అనుకున్నందుకు నన్ను నేను తిట్టుకున్నాను కూడా.

ఎండ బాగా ఎక్కాక నాయన లేచాడు. "గోడకు విల్లు ఉండాది. తెచ్చుకుంటా" అన్నాడు.

"నాయనా, వద్దు."

"ఒక్క అడుగు లోపల. అంతే గదప్పా."

ఆయన వీధి దాటుతున్నాడు. నా చెవుల్లో చిటపట నడుస్తూనే ఉంది. ఆయన ద్వారబంధం మీద చెయ్యి వేసేసరికి చిటపట ఆగిపోయింది. టక్‌మనడం ఆగింది. చెదలు తినడం కూడా ఆగింది. ఆ దూలంలో అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు. వీధి ఎలా దాటానో తెలియదు. హెడ్‌ఫోన్ల వైరు మెడకు చుట్టుకుని తెగింది. నాయన నడుము పట్టుకుని వెనక్కి లాగితే ఇద్దరం బురదలో వెల్లకిలా పడ్డాం.

తర్వాత మధ్య గది మొత్తం కిందికి వచ్చింది. ముందు కట్టె చీలిన చప్పుడు, వెంటనే మన్ను పడిన చప్పుడు. అది పెద్దగా లేదు. మెత్తగా, బరువుగా ఉంది. వాకిట్లోంచి తెల్లటి దుమ్ము, తడిమట్టి వాసన బయటికి వచ్చాయి. నాయన లేచి కూర్చున్నాడు. నా మెడకున్న హెడ్‌ఫోన్లు తీసి, తెగిన వైరుతోనే తన చెవికి పెట్టుకున్నాడు.

"ఏమీ ఇనపడల్యా" అన్నాడు.

విరిగి నిలబడిన కప్పు అంచున మన్ను పొరలు కనిపిస్తున్నాయి. ఒకటి తెల్లగా, ఒకటి బూడిదగా, మళ్లీ ఒకటి తెల్లగా. నాయన వాటినే చూస్తూ, "బొంత మీద బొంత ఏసినట్ల ఏస్తి. ప్రతి యేడూ ఈ చేతుల్తోనే" అన్నాడు. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. అంత గుండె ధైర్యం ఉన్న మనిషి అలా వణుకుతుంటే నాకు మిద్దె పడినప్పటి కంటే ఎక్కువ భయమేసింది.

మన్ను తీయించినప్పుడు దూలం కొక్కెం దగ్గరే విరిగి కనిపించింది. లోపలంతా డొల్ల, చెదపుట్ట. ఉయ్యాల ఆ మట్టి అడుగున ఉంది. అమ్మ దాన్ని ముట్టుకోలేదు, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. గిటారు మొండెం రెండుగా చీలింది. బిళ్ళల్లో ఒకటే బతికింది.

ఊరి చివర సిమెంటు కప్పు ఇల్లు బాడుగకు తీసుకున్నాం. చిల్లా స్నానం అక్కడే అయింది. చెల్లెలు కడపకు బయలుదేరే పొద్దున, బిడ్డ బట్టలు సర్దుతూ, తలెత్తకుండా, "ఆ బిళ్ళ నాకియ్యి అన్నా" అంది. వాళ్ల అత్తగారింట్లో రాతిబండల కప్పు, ఇనుప పట్టీల మీద నిలబడింది. ఎన్నో ఏళ్లుగా చెక్కుచెదరలేదు. ఆ మాటే చెప్పాను. "తెలుసు. అయినా ఇయ్యి" అంది. చిన్న ఆంప్లిఫయరు, హెడ్‌ఫోన్లు, బిళ్ళ మూటగట్టి ఇచ్చాను. ఎలా అతికించాలో చూపించాను. పిట్టగోడ మీద నడిచిన పిల్ల, ఒక్కసారి కూడా నవ్వకుండా నేర్చుకుంది.

ఇప్పుడు రోజూ పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ అయిన కాసేపటికి కడప నుంచి ఫోను వస్తుంది. పలకరింపులు ఉండవు. బిళ్ళ అతికించిన ఇనుప పట్టీకే కట్టిన ఉయ్యాలలో బిడ్డను పడుకోబెట్టి, చెల్లెలు ఫోనును హెడ్‌ఫోన్లకు ఆనిస్తుంది. ఇక్కడ నాయన సూది ఆపుతాడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి వచ్చి గడపలో నిలబడుతుంది. ఇనుము మీద తాడు ఒత్తుకున్న శబ్దం ఒకటే వస్తుంది.

"తాడే. ఇంకేం ల్యా."

"ఇంకోసారి ఇను అన్నా."

మళ్లీ వింటాను. నేను ఊపమనే దాకా కడపలో ఆ ఉయ్యాల కదలదు.